పస్తులతో క్యాన్సర్ చావదు

క్యాన్సర్ అని తేలిన రోజు రాత్రికల్లా ఇంట్లో నిషేధాల జాబితా తయారవుతుంది. డాక్టరు కీమో తేదీ ఇంకా చెప్పి ఉండడు. ఈలోపే బంధువులు, ఇరుగుపొరుగు, వాట్సాప్ గ్రూపులు, యూట్యూబ్ వైద్యులు కలిసి రోగి కంచాన్ని ఖాళీ చేసేస్తారు. చక్కెర వద్దు, బెల్లమూ వద్దు. పాలు, పెరుగు బంద్. గుడ్డు, కోడి, చేప, వేటమాంసం ఇంటి గడప తొక్కకూడదు. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, గోంగూర వేడి. ఇక మిగిలేది గోధుమగడ్డి రసం, క్యారెట్-బీట్‌రూట్ రసం, పలచటి జావ, చారన్నం.

ఈ పథ్యం వెనుక ఒక వాదన ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. క్యాన్సర్ కణం చక్కెర మీద బతుకుతుంది, చక్కెర అందకపోతే చస్తుంది. పాలు, మాంసం గడ్డకు బలాన్నిస్తాయి. ఉపవాసం ఒంట్లోని విషాన్ని కడిగేస్తుంది. ఆకులు, రసాలు ప్రకృతి ఇచ్చినవి కాబట్టి మేలు చేయకపోయినా కీడు చేయవు. ఇదంతా ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. ఇందులో శాస్త్రం ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. ప్రేమ కూడా ఉంది. కీమో సెలైను ఇంటివాళ్ళ చేతిలో లేదు, వంటిల్లు ఉంది. చేతనైన చోట ఏదో ఒకటి చేయాలన్న తపన అర్థం చేసుకోదగ్గదే.

ఈ వాదనకు పెద్ద గొంతు కూడా దొరికింది. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ అమృత్‌సర్‌లో పత్రికలవాళ్ళను పిలిచి, నాలుగో దశ రొమ్ము క్యాన్సర్ నుంచి తన భార్య బయటపడ్డారని చెప్పారు. నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, చక్కెర-పాలు మానడం, భోజనాల మధ్య పొడవైన విరామం, ఇవన్నీ ఆ కథలో ముఖ్యపాత్రలు. ఆమెకు శస్త్రచికిత్స, కీమోథెరపీ జరిగాయన్న సంగతి మాత్రం ఆ సమావేశం వీడియో చేతులు మారుతున్నకొద్దీ రాలిపోయింది. రోజుల వ్యవధిలోనే ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పూర్వ, ప్రస్తుత వైద్యులు 262 మంది ప్రకటన ఇచ్చారు. పాలు, చక్కెర మాని క్యాన్సర్‌ను మాడ్చవచ్చనడానికి గట్టి ఆధారం లేదని, ఆమె కోలుకున్నది శస్త్రచికిత్స, కీమోల వల్లనని అందులో స్పష్టంగా రాశారు. వీడియో ఊరూరా తిరిగింది. ప్రకటన చదివినవాళ్ళు ఎందరు?

నా మాట మొదటే చెప్పేస్తాను. చికిత్సలో ఉన్న మనిషికి ఈ పథ్యం గడ్డను తగ్గించదు, మనిషిని తగ్గిస్తుంది. ఒక్కొక్క వాదనే తీసుకుని చూద్దాం.

1. ‘చక్కెర క్యాన్సర్‌కు మేత’

ఇందులోని శాస్త్రం ముక్క ఒట్టో వార్‌బర్గ్‌ది. 1931లో నోబెల్ బహుమతి పొందిన ఈ జర్మన్ శాస్త్రవేత్త, క్యాన్సర్ కణాలు మామూలు కణాలకన్నా ఎక్కువ గ్లూకోజు లాగేసుకుంటాయని 1920లలోనే గమనించాడు. పెట్ స్కాన్ పనిచేసేదీ దీని మీదే. రేడియోధార్మికత కలిపిన గ్లూకోజు లాంటి పదార్థాన్ని ఎక్కిస్తారు, అది ఎక్కువ చేరినచోటు స్కానులో మెరుస్తుంది.

ఇంతవరకూ నిజం. తప్పు తర్వాతి మెట్టులో ఉంది. ‘గ్లూకోజు వాడుకుంటుంది’ అన్న మాట నుంచి ‘చక్కెర తినకపోతే చస్తుంది’ అన్న మాటకు ఒక్క దూకు దూకుతారు. అదే పెట్ స్కానులో మెదడు కూడా మెరుస్తుంది, చాలాసార్లు గుండె కూడా. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు ఖర్చుపెడుతుంది. అందుకే నోటికి చక్కెర అందినా అందకపోయినా నెత్తుటిలో గ్లూకోజు పడిపోకుండా శరీరం కాపాడుకుంటుంది. పరగడుపున కూడా అది డెసిలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల మధ్య ఉండేది అందువల్లనే. కాలేయంలో దాచుకున్న నిల్వ ఒక రోజు పస్తుతో కరిగిపోతుంది. ఆ తర్వాత కాలేయం గ్లూకోజును సొంతంగా తయారుచేస్తుంది. అందుకు వాడే ముడిసరుకులో పెద్ద వాటా కండలోని మాంసకృత్తులది.

అంటే ఏం జరిగినట్టు? గడ్డకు గ్లూకోజు అందుతూనే ఉంది. ధర చెల్లించింది రోగి కండ. పైగా చాలా క్యాన్సర్ కణాలు గ్లూకోజు కరువైతే గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్నీ కొవ్వునీ కూడా వాడుకోగలవు.

దీనర్థం కూల్‌డ్రింకులు, స్వీట్లు ఎడాపెడా తినమని కాదు. మధుమేహం ఉన్నవాళ్ళు, కీమోతో పాటు స్టెరాయిడ్ తీసుకుంటూ షుగర్ పెరిగినవాళ్ళు డాక్టరు చెప్పినట్టు అదుపులో పెట్టుకోవాలి. కానీ నోరంతా పుండై ముద్ద దిగని మనిషి రెండు చెంచాల చక్కెర వేసిన పాలు తాగుతానంటే, ‘క్యాన్సర్‌కు మేత వేస్తున్నావు’ అని గ్లాసు లాక్కోవడం వైద్యం కాదు, క్రూరత్వం.

2. ‘ఆకలికి మాడిస్తే గడ్డ చస్తుంది’

క్యాన్సర్‌ను ఆకలికి మాడ్చడమన్న ఆలోచన తప్పు కాదు. అది ఫలించింది కూడా. ఎక్కడ, ఎలా ఫలించిందో తెలుగువాళ్ళకు మరీ బాగా తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ కథలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు.

1940లలో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ఉరకలెత్తినట్టు కనిపించింది. ఫోలిక్ ఆమ్లం ఆకుకూరల్లో ఉండే విటమిన్. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుంటే? అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్ సరిగ్గా ఆ పని చేసింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన నివేదికలో చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి, తాత్కాలికంగానైనా, జబ్బు తగ్గుముఖం పట్టింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వార్డుల్లో వాడుకలో ఉంది.

గమనించండి. ఆ ఫలితం పిల్లల కంచంలోంచి పాలకూర తీసేస్తే రాలేదు. కణం లోపల ఫోలిక్ ఆమ్లాన్ని పనికొచ్చేలా మార్చే ఎంజైమును మందు పట్టుకుంటే వచ్చింది. ఆస్పరాజినేజ్ అనే మరో ల్యుకేమియా మందుదీ ఇదే దారి. ఆ జబ్బు కణాలకు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం బయటి నుంచి అందాలి. మందు దాన్ని నెత్తుటిలోనే విరగ్గొడుతుంది. అదే పని పథ్యంతో చేయలేం. తిండిలో ఆస్పరాజిన్ లేకపోయినా శరీరం తయారుచేసుకుంటుంది.

ఉపవాసం మీద నికార్సైన ప్రయోగాలు కూడా జరుగుతున్నాయి. నెదర్లాండ్స్‌లో 131 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిపిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. కీమోకు ముందు కొన్ని రోజులు ఉపవాసాన్ని పోలిన ఆహారం ఇచ్చారు. స్కానుల్లో కొంత ఆశ కనిపించింది గానీ, గడ్డ పూర్తిగా మాయమైనవాళ్ళ సంఖ్యలో తేడా రాలేదు. చాలామంది ఆ ఆహారాన్ని చివరిదాకా కొనసాగించలేకపోయారు. అదీ వైద్యుల నిఘాలో, లెక్క కట్టిన ఆహారంతో, కొద్ది రోజులపాటు. అలాంటి ప్రయోగాల్లో బక్కచిక్కినవాళ్ళను చేర్చుకోరు. ఆ ప్రయోగాన్ని చూపించి, ఆరు నెలలుగా చారన్నం మీద బతుకుతున్న నోటి క్యాన్సర్ రోగిని పస్తు పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

3. ‘ఒళ్ళు తగ్గితే మంచిదే, విషం పోతోంది’

ఈ నమ్మకం ఖరీదు అన్నిటికన్నా ఎక్కువ. 1980లో అమెరికాలో 3,047 మంది రోగుల లెక్కలు తీసి చూశారు. కీమో మొదలయ్యేనాటికే బరువు తగ్గినవాళ్ళు, తగ్గనివాళ్ళకన్నా తక్కువ కాలం బతికారు. అప్పటి నుంచీ ఎన్ని చోట్ల చూసినా ఇదే మాట వస్తోంది. 2011లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని, ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గడాన్ని క్యాన్సర్ క్షీణతకు గుర్తుగా నిర్ణయించారు. 60 కిలోల మనిషికి అది మూడు కిలోలు. మన ఇళ్ళలో మూడు కిలోలు తగ్గితే ‘కాస్త నలిగాడు’ అని ఊరుకుంటారు.

ఈ క్షీణత మామూలు ఆకలి లాంటిది కాదు. గడ్డ వల్ల పుట్టే వాపు రసాయనాలు ఒకవైపు ఆకలిని చంపి, మరోవైపు కండను కరిగిస్తాయి. అంటే జబ్బు ముందే రోగిని పస్తు పెడుతోంది. దాని మీద మనం ఇంకో పస్తు జోడిస్తున్నాం.

పర్యవసానాలు వార్డులో కంటికి కనిపిస్తాయి. కీమో మోతాదును సాధారణంగా ఎత్తు, బరువు చూసి కడతారు. కండ తక్కువున్న ఒంట్లో అదే మోతాదు ఎక్కువ విషమవుతుంది. తట్టుకోలేకపోతే మోతాదు తగ్గిస్తారు, లేదా ఆ విడత వాయిదా వేస్తారు. మెడకు, నోటికి రేడియేషన్, జనం మాటలో ‘కరెంటు’, ఇచ్చేటప్పుడు తల కదలకుండా ముఖానికి సరిపడా ప్లాస్టిక్ మాస్కు చేస్తారు. రోగి చిక్కిపోతే ఆ మాస్కు వదులవుతుంది. కిరణాలు పడాల్సిన చోటు మారకుండా మళ్ళీ కొలతలు, మళ్ళీ స్కాను, మళ్ళీ ప్లాను. మధ్యలో పోయే రోజులు గడ్డకు కలిసొచ్చే రోజులు.

అందరూ చిక్కిపోరు. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో బరువు పెరిగేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు సలహా వేరు. సరిగ్గా అందుకే అందరికీ ఒకే జాబితా అన్నది మొదటే తప్పు.

4. ‘గుడ్డు, మాంసం, పాలు, పప్పు పడవు’

లెక్క వేసి చూద్దాం. ఐరోపా పోషకాహార వైద్యుల సంఘం మార్గదర్శకాల ప్రకారం క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు కావాలి. మాంసకృత్తులు కిలోకు ఒక గ్రాముకు పైగా, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా. 50 కిలోల మహిళకు 1,250 నుంచి 1,500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు.

ఇప్పుడు పథ్యం కంచం. పొద్దున రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు రసం, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం రాగి జావ, రాత్రి మళ్ళీ చారన్నం. ఎంత ఉదారంగా కట్టినా మాంసకృత్తులు ఇరవై గ్రాముల దగ్గర ఆగిపోతాయి, కేలరీలు ఎనిమిది, తొమ్మిది వందలు. అవసరంలో సగం కూడా లేని మాంసకృత్తులతో నెలల తరబడి నడిపిస్తున్నామన్నమాట.

అదే మనిషికి రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, రెండు పూటలా గట్టి పప్పు, ఒక కప్పు పెరుగు, గుప్పెడు వేరుశనగలు కలిపితే అరవై గ్రాములు దాటిపోతాయి. ఖరీదైన డబ్బా పొడులు కొనలేనివాళ్ళు కూడా చేయగలిగిన పని ఇది. గుడ్డు ముట్టని ఇంట్లో పనీరు, సోయా, పెసలు, శనగలు ఉన్నాయి.

పప్పుతో, గుడ్డుతో చీము పడుతుందన్న భయానికి ఆధారం లేదు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది. కోసిన గాయం మానాలంటే కొత్త కణజాలం అల్లుకోవాలి, దానికి మాంసకృత్తులు కావాలి. సోయా రొమ్ము క్యాన్సర్‌ను తిరగబెడుతుందన్న భయాన్ని షాంఘైలో ఐదు వేల మందికి పైగా రోగులను గమనించిన పరిశోధన 2009లోనే తిప్పికొట్టింది. సోయా ఎక్కువ తిన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువగా కనిపించాయి.

‘మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది కదా’ అంటారు. 2015లో ఆ సంస్థకు చెందిన పరిశోధన విభాగం చెప్పింది సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాల గురించి గట్టిగా, వేట, గొడ్డు లాంటి ఎర్ర మాంసం గురించి అనుమానంగా. అది కూడా ఏళ్ళ తరబడి తింటే క్యాన్సర్ వచ్చే అవకాశం గురించి. కోడి, చేప, గుడ్డు ఆ జాబితాలో లేవు. రాకుండా చూసుకోవడానికి చెప్పిన మాటను, వచ్చి చికిత్సలో ఉన్న మనిషి నోటికి తాళంగా వాడడం తర్కం కాదు.

5. ‘ఆకులూ రసాలే కదా, హాని ఏముంది?’

మొదటి హాని కడుపులో చోటు. నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయే మనిషికి ముప్పావు లీటరు రసం పడితే ఇక ముద్దకు చోటెక్కడ?

రెండో హాని కాలేయానికి. చాలా కీమో మందులు కాలేయం గుండా పోతాయి. ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న సంఘటనలను 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ దాన్ని కాదంది, వివాదం నడిచింది. వివాదంలో ఉన్న ఆకును కీమో మధ్యలో ఉన్న మనిషి మీద పరీక్షించాల్సిన అవసరం ఏమిటి? కూరలో వేసే పసుపుకు అభ్యంతరం లేదు. గాఢంగా పిండిన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మన ఊళ్ళలో ఇప్పుడు లక్ష్మణ ఫలం వంతు. కీమోకన్నా వేల రెట్లు మేలని ప్రచారం. ప్రయోగశాల పళ్ళెంలో కణాలు చచ్చినంత మాత్రాన మనిషిలో క్యాన్సర్ తగ్గినట్టు కాదు, మనుషుల్లో రుజువైన ఫలితం లేదు. కరీబియన్ ద్వీపమైన గ్వాడెలూప్‌లో ఈ జాతి పళ్ళు, ఆకుల కషాయాలు ఎక్కువగా వాడేవాళ్ళలో పార్కిన్సన్‌ను పోలిన నరాల జబ్బు కనిపించిందని 1999లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది.

మూడో హాని అన్నిటికన్నా పెద్దది. ఆకు మీద నమ్మకం పెరిగినకొద్దీ ఆసుపత్రి వాయిదా పడుతుంది. అసలు వైద్యం మాని ప్రత్యామ్నాయాలను మాత్రమే నమ్ముకున్నవాళ్ళ లెక్కలు యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించారు. వాళ్ళలో మరణం ముప్పు రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లకు పైగా.

6. ‘తినలేకపోతున్నాడు, ఏం చేస్తాం?’

ఇది పైకి జాలి, లోపల చేతులెత్తేయడం. తినలేకపోవడానికి కారణాలుంటాయి, చాలా కారణాలకు మందుంటుంది. వాంతికి మాత్రలున్నాయి. నోటి పుండ్లకు నొప్పి తగ్గించే పుక్కిలింతలున్నాయి. నోరు ఇనుములా ఉందంటే వంట మార్చవచ్చు. మూడు పూటల భోజనాన్ని ఆరు చిన్న పూటలుగా విడగొట్టవచ్చు. లిస్బన్‌లో రేడియేషన్ తీసుకుంటున్న 111 మంది పెద్దపేగు, మలాశయపు క్యాన్సర్ రోగుల మీద జరిగిన అధ్యయనం 2005లో వచ్చింది. మనిషిని బట్టి పోషకాహార నిపుణులు సలహా ఇచ్చినవాళ్ళే చికిత్స ముగిసిన మూడు నెలల తర్వాత కూడా మెరుగ్గా నిలిచారు. ఊరికే డబ్బా పొడి ఇచ్చి పంపినవాళ్ళలో ఆ మేలు నిలవలేదు.

మింగడమే కుదరకపోతే ముక్కు గొట్టం, లేదా పొట్టలోకి నేరుగా గొట్టం ఉన్నాయి. ‘గొట్టం వేశారంటే ఇక అయిపోయినట్టే’ అన్న భయంతో వారాలు పోగొట్టుకుంటారు. నోటి క్యాన్సర్ రోగికి రేడియేషన్ పూర్తి చేయించే వంతెన చాలాసార్లు ఆ గొట్టమే.

ఒక్క మినహాయింపు. ఆఖరి రోజుల్లో ఉన్న మనిషికి తిండి కుక్కడం మేలు చేయదు. అక్కడ కోరిందే పెట్టాలి, వద్దంటే ఊరుకోవాలి. ఆ నిర్ణయం డాక్టరుతో కూర్చుని తీసుకునేది, మొదటి కీమో రోజునే అమలు చేసేది కాదు.

7. ‘తిండి సంగతి ఇంటివాళ్ళది, ఆసుపత్రిది కాదు’

ఈ తప్పు చదువుకున్నవాళ్ళది. ‘ఏం పెట్టమంటారు సార్?’ అని అడిగితే ‘అన్నీ తినొచ్చమ్మా’ అని తర్వాతి రోగిని పిలిచే డాక్టరు, యూట్యూబ్ వైద్యుడికి తలుపు తెరిచి పెడుతున్నాడు. అన్నీ అంటే ఏవి, ఎంత, ఎన్నిసార్లు? జవాబు ఆసుపత్రిలో దొరకకపోతే జనం దొరికినచోటికి పోతారు.

క్షయ రోగులకు పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024లో దాన్ని వెయ్యి చేసింది. క్షయలో తిండి చికిత్సలో భాగమని ఒప్పుకున్న ప్రభుత్వాలకు క్యాన్సర్‌లో అది ఎందుకు కనబడదు? 1958 నుంచి జాతీయ పోషకాహార సంస్థ ఉన్న హైదరాబాదు ఇది. ఈ నేల మీద క్యాన్సర్ రోగి పోషణ యూట్యూబ్ పాలు కావడం సిగ్గుచేటు.

కాబట్టి అడగవలసినవి అడుగుదాం. ఆరోగ్యశ్రీ కింద కీమో, రేడియేషన్ ఇచ్చే ప్రతి ఆసుపత్రిలో పోషకాహార నిపుణులు ఉండాలి. రోగి వచ్చిన ప్రతిసారీ బరువు తూచి, చీటీ మీద రాయాలి. 5 శాతం తగ్గితే కారణం వెతకడం తప్పనిసరి చేయాలి. పేద రోగికి చికిత్స సాగినన్నాళ్ళు గుడ్లు, పాలు, పప్పు అందాలి.

ఇంటివాళ్ళకు ఒక మాట. రోగి కంచంలోంచి ఏదైనా తీసేయమని చెప్పే అధికారం చికిత్స చేస్తున్న డాక్టరుకు, పోషకాహార నిపుణులకు తప్ప మరెవరికీ ఇవ్వకండి. ఆకులు, పొడులు వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. వారానికోసారి బరువు చూసి రాసిపెట్టుకోండి, తగ్గుతుంటే తర్వాతి కీమో దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. జాబితా పట్టుకుని వచ్చిన బంధువుకు కాఫీ ఇచ్చి పంపేయండి. జాబితాను పొయ్యిలో వేయండి.